తొమ్మిదింటికి చేరాలంటే చెప్పులు ఎన్నింటికి వేసుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే బాధ గురించి ఉన్నాయి. ఒకరు ఆలస్యమయ్యే మనిషి, ఒకరు ఆలస్యమయ్యే మనిషి కోసం ఎదురుచూసే మనిషి, ఒక కుర్రాడు. మూడింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ. నా వయసు 34, ఉద్యోగం చేస్తున్నాను, 8 ఏళ్ల పాప ఉంది. నా సమస్య చెబితే ‘ఇదీ ఒక సమస్యేనా’ అంటారు, కానీ దీనివల్ల రోజూ ఎవరో ఒకరికి సారీ చెబుతూనే ఉన్నాను. ఎక్కడికీ టైముకి చేరలేను. ఆఫీసుకి, డాక్టర్ దగ్గరికి, స్నేహితుల ఇళ్లకి, ఎక్కడికైనా సరే పది నుంచి ఇరవై నిమిషాలు లేటు. అలాగని పొద్దున ఆలస్యంగా లేవను, ఆరింటికే లేస్తాను. ఆఫీసు దూరమూ కాదు, 25 నిమిషాల దారి. అయినా తొమ్మిదింటికి సీట్లో ఉండాల్సిన దాన్ని తొమ్మిదింపావుకి రొప్పుకుంటూ వెళ్తాను. రెండుసార్లు మెమో ఇచ్చారు. పోయిన నెల పాప స్కూల్లో ప్రోగ్రాం జరిగింది. మొదటి పాట తనదే. నేను వెళ్లేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. పాప ఏడవలేదు, అలగలేదు. ‘నువ్వు లేటుగా వస్తావని నాకు తెలుసమ్మా’ అంది, అంతే. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టట్లేదు. రేపట్నుంచి మారాలని రోజూ అనుకుంటాను, మూడు రోజులు మారతాను, నాలుగో రోజు మళ్లీ మామూలే. నాకు బాధ్యత లేదని ఇంట్లో అందరూ అంటున్నారు. టైముకి వెళ్లాలన్న మోటివేషన్ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి?

జవాబు: మీ పాప అన్న మాట దగ్గర నేనూ చాలాసేపు ఆగిపోయాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీరు అడిగిన మోటివేషన్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు వెతుకుతున్నది మీ దగ్గర ఇప్పటికే ఉందని నాకనిపిస్తోంది. బాధ్యత లేని మనిషికి ఇలాంటి విషయానికి నిద్ర చెడదండీ. మెమోలు తీసుకుని, పాప మాట విని, నెల రోజులుగా కుమిలిపోతున్న మనిషికి ఇంకా ఎంత మోటివేషన్ కావాలి? ఉన్నదే బోలెడు. లేనిది వేరే ఉంది.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క ‘పది నుంచి ఇరవై నిమిషాలు’ అన్నది. నిజంగా పట్టించుకోని మనిషి ఒకరోజు గంట లేటుగా వస్తాడు, ఒకరోజు అసలు రాడు. మీది అలా కాదు, డాక్టర్ దగ్గరికైనా ఆఫీసుకైనా కొలిచినట్టు అదే మోతాదు. అంటే మీ లెక్కలో ఏదో పది ఇరవై నిమిషాల పని రోజూ రాయకుండా మిగిలిపోతోంది. ఇది లెక్క తప్పు, గుణం తప్పు కాదు. నా ఇరవైల్లో నేనూ అచ్చం ఇలాగే ఉండేదాన్ని, నన్నూ ఇదే మాట అన్నారు, ఆ మాటని నేనూ నమ్మేశాను. నమ్మినన్నాళ్లూ ఒక్క రోజు కూడా మారలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

‘25 నిమిషాల దారి’ అన్నారు కదా, ఆ 25 ఎక్కణ్నుంచి వచ్చింది? ఏదో ఒక రోజు రోడ్డు ఖాళీగా ఉండి, సిగ్నళ్లన్నీ కలిసొచ్చి 25 నిమిషాల్లో వెళ్లిపోయి ఉంటారు, మనసు ఆ అంకెని పట్టేసుకుంది. పైగా అది బండి కదిలాక దిగేదాకా పట్టే టైము. ఇంటికి తాళం వెయ్యడం, ఫోన్ మర్చిపోయానని మళ్లీ తాళం తియ్యడం, మెట్లు దిగడం, బండి బయటికి తియ్యడం, అక్కడికెళ్లాక పెట్టడానికి చోటు వెతకడం, లిఫ్టు కోసం నిలబడటం, ఇవేవీ అందులో లేవు. ఇవన్నీ రోజూ జరుగుతాయి, రోజూ మనం ‘అనుకోకుండా’ జరిగాయంటాం.

ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు: ఒక పనికి ఎంత టైము పడుతుందో అంచనా వేసేటప్పుడు మనిషి ఆ పని సాఫీగా జరిగినట్టు ఊహించుకుంటాడు తప్ప, పోయినసారి నిజంగా ఎంత పట్టిందో గుర్తు చేసుకోడు. కెనడాలో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది, డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ‘ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారు’ అని అడిగారు. సగటున 34 రోజులన్నారు. సరే, అన్నీ ఎదురు తిరిగితే ఎంత పడుతుంది అని మళ్లీ అడిగితే 49 రోజుల దాకా చెప్పారు. చివరికి సగటున పట్టింది 55 రోజుల పైనే. ఆలోచించండి, ‘అన్నీ ఎదురు తిరిగితే’ అని వేసుకున్న లెక్క కూడా చాల్లేదు! అందుకే ‘రేపు ఇంకో ఐదు నిమిషాలు ముందు బయల్దేరతాలే’ అనే తీర్మానాలు మిమ్మల్ని కాపాడటం లేదు. ఊహలో వేసిన ఐదు నిమిషాలు ఊహలోనే కరిగిపోతాయి.

మరేం చెయ్యాలి? వచ్చే వారం రోజులు టైముకి వెళ్లాలని ప్రయత్నించకండి. అవునండీ, నిజంగానే చెబుతున్నాను. మామూలుగానే వెళ్లండి, లేటైతే కానివ్వండి, కానీ చేతిలో చిన్న కాగితం పెట్టుకుని ఏది ఎన్నింటికి మొదలుపెట్టారో, ఎన్నింటికి అయిందో రాయండి. మంచం దిగిన దగ్గర్నుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చునేదాకా ప్రతి ముక్కా. పాప జడకి ఎంత, పాప బ్యాగు సర్దడానికి ఎంత, మీరు స్నానం చేసి తయారవడానికి ఎంత, తాళాలు వెతకడానికి ఎంత, గుమ్మం నుంచి బండి దాకా ఎంత, బండి దిగి సీటు దాకా ఎంత. పనిని ఇలా ముక్కలుగా విడగొట్టి చూస్తే అంచనాలు వాస్తవానికి దగ్గరగా వస్తాయని జస్టిన్ క్రూగర్, మ్యాట్ ఎవాన్స్ 2004లో చూపించారు. ‘తయారవుతాను’ అని ఒక్క మాటలో అనుకుంటే పావుగంట అనిపించేది, విడివిడిగా రాస్తే నలభై నిమిషాలని తేలుతుంది. నేను రాసుకున్నప్పుడు తేలింది ఏంటంటే, గుమ్మం దగ్గర, అంటే మొత్తం తయారయ్యాక, బయల్దేరే ముందు, నాకు రోజూ 11 నుంచి 14 నిమిషాలు పోతున్నాయి. నేను అప్పటిదాకా ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ ఉన్నాను. రోడ్డు మీద జరుగుతోందనుకున్న ఆలస్యమంతా ఇంట్లోనే జరుగుతోంది.

వారం అయ్యాక ఆ కాగితాల్లో బాగా జరిగిన రోజుని వదిలేసి, రెండో అధ్వాన్నమైన రోజుని పట్టుకుని వెనక్కి లెక్క వెయ్యండి. తొమ్మిదికి సీట్లో అంటే ఎనిమిది యాభైకి బండి ఆపాలి, అంటే ఇన్నింటికి బండి కదలాలి, అంటే ఇన్నింటికి చెప్పులు వేసుకోవాలి. మీ తలలో ఇప్పుడు ఉన్న అంకె తొమ్మిది. దాన్ని తీసేసి చెప్పులు వేసుకునే టైముని పెట్టుకోండి, అలారం కూడా దానికే పెట్టండి. నిద్ర లేవడానికి అలారం పెట్టుకునేవాళ్లు కోట్లమంది ఉంటారు, బయల్దేరడానికి పెట్టుకునేవాళ్లు నాకు చాలా తక్కువమంది తెలుసు. మీకు మాత్రం అవసరం రెండోదే, ఎలాగూ ఆరింటికే లేస్తున్నారు కాబట్టి. ఇంట్లో గడియారం పది నిమిషాలు ముందుకి పెట్టుకోమని ఎవరో ఒకరు చెబుతారు, వినకండి. ముందుకుందని మీకు తెలుసు, మూడో రోజుకల్లా మనసు దాన్ని తీసేసుకుని లెక్క వేస్తుంది.

ఇక అసలైన శత్రువు గురించి చెప్పాలి. ‘ఇంకా ఎనిమిది నిమిషాలుంది కదా, ఈ ఒక్క పనీ చేసేసి వెళ్దాం’ అనే ఆలోచన. మీకు ఇది తప్పకుండా ఉండి ఉంటుంది, ఆరింటికి లేచే మనిషి లేటవుతోందంటే ఇదే కారణం, నేను పందెం కాస్తాను. తయారైపోతారు, టైము చూస్తారు, కాస్త మిగిలింది. బట్టలు మెషిన్‌లో వేసేద్దాం, ఆ మెసేజ్‌కి జవాబిచ్చేద్దాం, సోఫా మీద దుప్పటి మడతపెట్టేద్దాం. రెండు నిమిషాల పనేలే అనుకున్నది ఏడు నిమిషాలు తినేస్తుంది, పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది, ఆ తర్వాత కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాం. ఇలా చేసేది బద్ధకస్తులు కాదండీ, ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదనుకునేవాళ్లు. ముందుగా వెళ్లి అక్కడ ఊరికే కూర్చోవడం వాళ్లకి నేరంలా అనిపిస్తుంది. సరిగ్గా తొమ్మిదికి చేరడమే వాళ్ల లక్ష్యం, ఒక్క నిమిషం ముందు కూడా కాదు. సరిగ్గా తొమ్మిదికి గురిపెట్టినవాళ్లకి ఏ చిన్న అడ్డు వచ్చినా తొమ్మిది దాటిపోతుంది, తొమ్మిదికి ఇవతల వాళ్లు చోటే ఉంచుకోలేదు మరి.

అందుకని ఆ ముందు దొరికే పది నిమిషాలని మీకు నచ్చేలా చేసుకోవాలి. ఇంట్లో చెయ్యబోయిన ఆ ‘ఒక్క పని’ని అక్కడికి తీసుకెళ్లండి. మెసేజ్‌లు బండి ఆపాక చూడండి. చదవాలనుకున్న పుస్తకం బ్యాగులో పెట్టుకోండి, అది ఇంట్లో తెరవనని, అక్కడే తెరుస్తానని అనుకోండి. నాకు ఇది బాగా పనిచేసింది. పదేళ్లుగా నేను చదివిన పుస్తకాల్లో సగం ఎవరి కోసమో ఎదురుచూస్తూ చదివినవే.

నిర్ణయాన్ని గడియారానికి కట్టకుండా ఒక పనికి కట్టండి. ‘ఎనిమిదీ ఇరవైకి బయల్దేరాలి’ అనుకుంటే ఆ టైముకి అది మీకు గుర్తు రావాలి, చేతిలో ఇంకో పని ఉంటే గుర్తు రాదు. ‘చెప్పులు కాళ్లకి ఎక్కాయంటే ఇక ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోను’ అనుకుంటే గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, చెప్పులే గుర్తు చేస్తాయి. ‘ఇది జరిగితే ఇది చేస్తాను’ అని ముందే అనుకునేవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేస్తారని పీటర్ గోల్విట్జర్ 1999లో రాశారు, ఆ తర్వాత 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 అధ్యయనాలని పోగేసి చూసినా అదే తేలింది. మీరూ ఒక్కటంటే ఒక్క వాక్యం ఎంచుకోండి. పది పెట్టుకుంటే ఒక్కటీ నిలవదు.

మూడు రోజులు మారి నాలుగో రోజు జారిపోతున్నానన్నారు. ఆ నాలుగో రోజు మీరేం చేస్తారో నాకు తెలుసు, ‘నా వల్ల కాదు’ అని అక్కడితో వదిలేస్తారు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించింది, ఒక కొత్త అలవాటు దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్దగా అడ్డు రాలేదు కూడా. కాబట్టి నాలుగో రోజుని పరీక్ష తప్పినట్టు చూడకండి. అయిదో రోజు మళ్లీ చెప్పుల అలారం మోగుతుంది, మోగనివ్వండి.

ఇప్పుడు పాప దగ్గరికి. ఇన్నాళ్లూ మిమ్మల్ని కదిలిస్తున్నది భయమండీ. మేనేజర్ మొహం గుర్తొచ్చి, మెమో గుర్తొచ్చి, గుండె దడదడలాడితే తప్ప కాళ్లు కదలవు. భయం పనిచేస్తుంది, కానీ అది వచ్చేదే బాగా ఆలస్యమయ్యాక. పైగా హడావుడిలో ఉన్న మనిషి కళ్ల ముందున్నదాన్ని చూడలేడు. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ ఒక ప్రయోగం ప్రచురించారు. మతబోధకులు కాబోతున్న విద్యార్థుల్ని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం ఇవ్వడానికి పంపించారు, దారిలో ఒక మనిషి దగ్గుతూ మూలుగుతూ ఒరిగిపోయి ఉన్నాడు. టైము చాలా ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. ఇప్పటికే లేటైంది పరిగెత్తమని పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. వాళ్లలో సగం మంది మాట్లాడబోతున్నది, దారిలో పడి ఉన్న మనిషికి సాయం చేసిన బాటసారి కథ గురించే. వాళ్లు చెడ్డవాళ్లు కారు, తొందరలో ఉన్నారు, అంతే. మీ పొద్దుటి పూటల్ని ఒకసారి గుర్తు చేసుకోండి. జడ వేసేటప్పుడు పాప ఏదో చెబుతూ ఉంటుంది, మీరు ‘తొందరగా, తొందరగా’ అంటూ ఉంటారు. ఆ స్కూలు ప్రోగ్రాంని వెనక్కి తేలేం. రేపు పొద్దున ఆ జడ వేసే ఏడు నిమిషాలు తొందర లేకుండా ఉండటం మాత్రం మీ చేతిలో ఉంది. మెమో తప్పించుకోవడానికి కాదు, దానికోసం బయల్దేరే టైముని ముందుకి జరపండి. పాపకి ఇప్పుడే మాటలతో ఏమీ ప్రామిస్ చేయకండి. స్కూలు నుంచి తనని తీసుకొచ్చే పనో, ఇంకోటో, తను గమనించే ఒక్క చిన్న పని ఎంచుకుని దానికి మాత్రం వరసగా పది నిమిషాలు ముందుండండి. గేటు తెరిచేసరికి అమ్మ అప్పటికే నిలబడి ఉండటం తను చూస్తుంది.

ప్రశ్న: మా ఆయన మంచి మనిషే, కానీ ఎక్కడికి బయల్దేరాలన్నా నేను తయారై అరగంట ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. అరిచాను, అలిగాను, ఆరింటి ఫంక్షన్‌ని ఐదింటికని అబద్ధం చెప్పాను. చివరికి లేటైన ప్రతిసారీ జరిమానా డబ్బాలో డబ్బు వెయ్యాలని పెట్టాం. విచిత్రం ఏంటంటే ఇప్పుడు ఇంకా నిశ్చింతగా లేటు చేస్తున్నారు. ఆయనకి నేనంటే గౌరవం లేదా?

జవాబు: మీ ఇంట్లో జరిగింది చాలా పెద్ద ప్రయోగంలోనూ జరిగిందమ్మా. ఇజ్రాయెల్‌లోని హైఫాలో యూరి నీజీ, ఆల్డో రుస్తికీనీ అనే ఆర్థికవేత్తలు 10 డే కేర్ సెంటర్లని తీసుకుని, పిల్లల్ని తీసుకెళ్లడానికి లేటుగా వచ్చే తల్లిదండ్రులకి 6 చోట్ల జరిమానా పెట్టించారు. 2000లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఏంటంటే, లేటుగా వచ్చేవాళ్లు తగ్గలేదు సరికదా దాదాపు రెట్టింపయ్యారు. తర్వాత జరిమానా ఎత్తేసినా మళ్లీ పాత స్థాయికి రాలేదు. అప్పటిదాకా ‘పాపం టీచర్ మనకోసం ఆగిపోయింది’ అనే మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది డబ్బు ఇచ్చి కొనుక్కునే సౌకర్యం అయిపోయింది. మీ ఆయన కూడా డబ్బాలో డబ్బు వేసి మీ అరగంటని కొనేసుకున్నారు, ఇక ఆయన మనసులో బాకీ లేదు. ఆ డబ్బా ఈ రోజే తీసేయండి. కానీ తీసేసినంత మాత్రాన పాత మొహమాటం వెంటనే తిరిగొస్తుందని అనుకోకండి.

అబద్ధపు టైము చెప్పడం కూడా మానేయండి. ఒకసారి పనిచేస్తుంది, ఆ తర్వాత ఆయన మీరు చెప్పే ప్రతి టైములోనూ గంట తీసేసి వింటారు.

గౌరవం సంగతి నాకు వేరేలా కనిపిస్తోంది. టైము గడవడం అందరికీ ఒకేలా అనిపించదు. శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీలో జెఫ్ కాంటే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గడియారం చూడకుండా ఒక నిమిషం ఎప్పుడైందో చెప్పమంటే, పట్టుదలగా పరుగులుపెట్టే తరహా మనుషులు సగటున 58 సెకన్లకే అయిపోయిందన్నారు, నిదానస్తులు 77 సెకన్లకి. ఒకే నిమిషంలో 19 సెకన్ల తేడా. మీరిద్దరూ ఒకే ఇంట్లో రెండు వేర్వేరు నిమిషాలతో బతుకుతూ ఉండొచ్చు. ఇది సాకుగా వాడుకోమని ఆయనకి చెప్పకండి, మీ బాధ తగ్గడానికి మీకు చెబుతున్నాను.

చేయాల్సింది కష్టమైనదే. ఎదురుచూడటం ఆపేయండి. కోపం లేని రోజు, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేని రోజు కూర్చోబెట్టి, ‘ఆరున్నరకి నేను బయల్దేరతాను, మీరు తర్వాత వచ్చి అక్కడ కలవండి, నాకేం కోపం ఉండదు’ అని చెప్పండి. చెప్పినట్టే నిజంగా ఆరున్నరకి వెళ్లిపోండి, మొహం మాడ్చుకోకుండా, గుమ్మం దగ్గర చివరి పిలుపు పిలవకుండా. అరగంట కూర్చున్నప్పుడు మీకు ఎలా ఉంటుందో కూడా ఒక్కసారి చెప్పండి, తిట్టులా కాకుండా ఉన్నదున్నట్టు. ‘నేను చీర కట్టుకుని కూర్చుని, నేను అక్కర్లేని మనిషినేమో అనుకుంటూ ఉంటాను’ అన్నంత సూటిగా. ఆయనకి బహుశా అది తెలీదు. తనకి మటుకు అది ఐదు నిమిషాలే.

ప్రశ్న: అక్కా, నాకు 20 ఏళ్లు, డిగ్రీ చదువుతున్నాను. పొద్దున మొదటి క్లాసు ఎప్పుడూ పోతుంది. ఐదు అలారాలు పెడతాను, అన్నీ నిద్రలోనే ఆపేస్తాను. రాత్రి రెండు మూడు దాకా నిద్ర రాదు. అటెండెన్స్ తక్కువైందని ఇంటికి కబురు పంపారు, నాన్న మాట్లాడటం లేదు. పట్టుదల పెరగాలంటే ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నీది పట్టుదల సమస్య కంటే ముందు నిద్ర సమస్య. రాత్రి మూడింటికి పడుకున్న మనిషి ఏడింటికి లేవలేకపోవడంలో వింతేముంది? పెద్దవాళ్లకి కనీసం 7 గంటల నిద్ర కావాలి, నీకు నాలుగే దొరుకుతోంది. ఒంట్లో ఉండే గడియారం టీనేజీ నుంచి వెనక్కి జరుగుతూ దాదాపు 20 ఏళ్ల వయసులో అన్నిటికంటే ఆలస్యంగా నడుస్తుంది, తర్వాత నెమ్మదిగా ముందుకొస్తుంది. నువ్వు సరిగ్గా ఆ వయసులో ఉన్నావు. ఈ సంగతి నాన్నకి కూడా చెప్పు, సాకుగా కాదు, నువ్వు దీని మీద ఏం చేస్తున్నావో దాంతో కలిపి చెప్పు.

ఆ గడియారాన్ని ముందుకి జరిపేది ప్రధానంగా వెలుతురు. లేవగానే బయటికెళ్లి పొద్దుటి వెలుగులో అరగంట ఉండు, రాత్రి పడుకునే ముందు ఫోన్ వెలుతురు తగ్గించు. ఐదు అలారాలు వద్దు, ఒక్కటే పెట్టు, మంచం మీంచి చెయ్యి అందనంత దూరంలో. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే సోమవారం మళ్లీ మొదటికొస్తావు, కాబట్టి సెలవు రోజు కూడా గంటకి మించి తేడా రానివ్వకు. ఒకేసారి మూడు గంటలు ముందుకి జరగాలని చూడకు, రెండు మూడు రోజులకి పావుగంట చొప్పున జరుగు. నెల రోజులు నిజంగా ఇలా చేసినా నిద్ర మూడింటికే వస్తుంటే డాక్టర్‌ని కలువు. నిద్ర ఘడియలు ఇలా వెనక్కి జరిగిపోవడం వైద్యులు 1981 నుంచే గుర్తించిన సమస్య, వైద్యం ఉంది.

ఇంకో సంగతి. చిన్నప్పట్నుంచీ వస్తువులు పారేసుకోవడం, మొదలుపెట్టిన పని వదిలేయడం, ఎంత టైము గడిచిందో అసలు తెలీకపోవడం కూడా ఉన్నాయా? ఉంటే అది ఏడీహెచ్‌డీ, అంటే ఒక పని మీద ధ్యాస నిలవనివ్వని సమస్య, కావచ్చు, దానికి తిట్లు పనిచేయవు, మానసిక వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకోవాలి. కావచ్చు అంటున్నాను, ఉంది అనడం లేదు.

నీ ఉత్తరంలో నువ్వు రాయని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. నిద్ర రాక ఫోన్ చూస్తున్నావా, లేక రేపు పొద్దున రాకూడదని మేలుకుని ఉంటున్నావా? కొంతమందికి ఆలస్యం అన్నిచోట్లా ఉంటుంది, కొంతమందికి ఒకే ఒక్క చోట ఉంటుంది. క్రికెట్ ఆడటానికి ఆరింటికే గ్రౌండ్‌లో ఉండే కుర్రాడు కాలేజీకి మాత్రం రోజూ లేటవుతున్నాడంటే అలారం మార్చి లాభం లేదు. ఆ చదువు ఇష్టం లేకపోవచ్చు, క్లాసులో ఎవరో అవమానించి ఉండొచ్చు, వెనకబడిపోయి ఏమీ అర్థం కాక మొహం చెల్లకపోవచ్చు. పొద్దున లేస్తూనే ఏడుపొస్తున్నట్టు, ఏదీ వద్దనిపిస్తున్నట్టు రెండు వారాలు దాటి ఉంటే ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఆ విషయంలో ఆలస్యం చేయొద్దు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో ఎన్నింటికి పడుకున్నావో, ఎన్నింటికి లేచావో రాసుకో. దాంతోపాటు నువ్వు టైముకి వెళ్లిన చోట్లు కూడా రాయి. ఆ రెండో జాబితా నాకు పంపించు, మళ్లీ మాట్లాడుకుందాం.